బీప్‌లో మాయామాళవగౌళ, సిడ్‌లో తోడి

ప్రశ్న: 1980లలో ఇళ్లలో వాడిన స్పెక్ట్రమ్, కొమొడోర్ కంప్యూటర్ల మీద సంగీతం కూర్చేవారని విన్నాను. వాటి మీద మన రాగాలు పలికేవా? గమకం సాధ్యమేనా?
— వీణ నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: స్వరాలు రెండింటి మీదా పలుకుతాయి. గమకానికి, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడానికి, మాత్రం కొమొడోర్ కావాలి.

1982లో బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌కు ఉన్నది ఒక్క చిన్న స్పీకరు. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘బీప్’ అని కొట్టి, పక్కన రెండు అంకెలు ఇవ్వాలి. మొదటిది ఎన్ని సెకన్లు మోగాలో చెబుతుంది, రెండోది స్వరస్థానం, ఒక్కో అంకెకు ఒక అర్ధస్వరం. సున్నాను షడ్జమం అనుకుని 0, 1, 4, 5, 7, 8, 11, 12 వరుసగా ఇవ్వండి. మీరు సరళీ వరుసల్లో సాధన చేసిన మాయామాళవగౌళ ఆరోహణ వినిపిస్తుంది.

ఈ యంత్రం మీద నాకు గౌరవం కలగడానికి కారణం వేరే ఉంది. ఆ రెండో అంకెను దశాంశాల్లో కూడా ఇవ్వవచ్చు. భారతీయ సంగీతంలో అర్ధస్వరం కన్నా చిన్న అంతరాలు ఉంటాయనీ, వాటినీ ఇలా పలికించవచ్చనీ యంత్రంతో పాటు ఇచ్చిన పుస్తకంలోనే రాశారు! బాగా శ్రుతి చేసిన తంబూరాలో మంద్ర షడ్జమం నుంచి దానంతటదే తేలివచ్చే అంతర గాంధారం 4 కాదు, దాదాపు 3.86. రెండూ వేసి వినండి. వీణ పట్టిన చెవికి తేడా వెంటనే తెలుస్తుంది.

గమకం మాత్రం ఈ బీప్‌కు అందదు. బీప్ మోగుతున్నంతసేపూ స్వరం కదలదు, యంత్రం మరో పని చేయదు. చిన్న చిన్న బీప్‌లు పేర్చినా మధ్యలో ఖాళీలు వినిపిస్తాయి. ఒక స్వరం నుంచి మరో స్వరానికి సాగే జారు తెగిపోతుంది.

అదే 1982లో అమెరికాలో వచ్చిన కొమొడోర్ 64లో సిడ్ అనే ప్రత్యేక ధ్వని చిప్పు ఉంది. రూపకర్త బాబ్ యానెస్. తర్వాత ఎన్సోనిక్ సింథసైజర్ల సంస్థ స్థాపకుల్లో ఆయన ఒకరు. సిడ్‌కు మూడు గొంతులు. ఒక గొంతుకు పౌనఃపున్యం అంకె ఇస్తే అది మోగుతూనే ఉంటుంది, మోగుతుండగానే ఆ అంకెను మార్చవచ్చు. ఒక్కో అడుగు సుమారు 0.06 హెర్ట్జ్ మాత్రమే. మీరు మెట్టు మీద తీగను పక్కకు లాగినట్టే స్వరం సాగుతుంది. బేసిక్ వేగం ఇందుకు చాలదు, చిప్పు నేరుగా అర్థం చేసుకునే మెషిన్ కోడ్ రాయాలి.

రాబ్ హబ్బర్డ్ లాంటి బ్రిటిష్ స్వరకర్తలు ఒకే గొంతులో స్వరాలను సెకనుకు 50 సార్ల దాకా మార్చి, కార్డ్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయిక) మోగుతున్న భ్రమ కల్పించేవారు. మూడు గొంతులు వాళ్లకు చాలేవి కావు. మనకు కార్డ్‌లతో పని లేదు కదా! రెండు గొంతులకు షడ్జమ పంచమాలు అప్పగిస్తే శ్రుతి సిద్ధం, మూడోది రాగానికి. తోడి రాగంలో గాంధారాన్ని ఊపడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు మామూలు కంప్యూటర్‌లోనే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) పెట్టుకుని ప్రయత్నించవచ్చు. రాగం పలికే గొంతుకు సాటూత్ తరంగం (రంపపు పళ్ల ఆకారంలో ఉండేది) ఎంచుకోండి. ఎటాక్ (నాదం పెరగడానికి పట్టే సమయం), సస్టైన్ (ఆ తర్వాత నిలిచే స్థాయి) రెండూ సున్నా, డికే (నాదం తగ్గడానికి పట్టే సమయం) ఎక్కువగా పెట్టండి. మీటిన తీగ నాదానికి దగ్గరగా వస్తుంది.