నాశకమా, నిరోధకమా? వెండి పట్టించిన బట్టను ఏమనాలి?

సందేహం: మా అబ్బాయి టెక్స్‌టైల్ టెక్నాలజీలో పరిశోధన చేస్తున్నాడు. పత్తి బట్ట మీద వెండి, జింక్ ఆక్సైడ్ నానోపార్టికల్స్ ఎక్కించి, అక్కడ బ్యాక్టీరియా పెరగకుండా చూడటం అతని పని. ఒక పత్రికవాళ్లు దీని మీద వ్యాసం అడిగితే వాడు ఇంగ్లిషులో రాసిచ్చాడు, నేను తెలుగు చేశాను. 'సూక్ష్మజీవనాశక సూక్ష్మకణాల అభివృద్ధి – క్రియాత్మక వస్త్ర పదార్థాలు' అని శీర్షిక పెట్టాను. అది చూసి మావాడు "అమ్మా, నేను చేసేది ఇది కాదు" అన్నాడు. నా తెలుగులో తప్పెక్కడ ఉందో చెప్పగలరా? – ఒక తెలుగు ఉపాధ్యాయిని, చీరాల

సమాధానం: అమ్మా, మీ శీర్షికలో వ్యాకరణ దోషం లేదు. సమాసాలన్నీ బాగానే కుదిరాయి. మీ అబ్బాయికి నచ్చనిది వ్యాకరణం కాదు, అర్థం. అతను బట్టతో చేస్తున్న పని ఒకటైతే, మీ మాటలు మరొకటి చెబుతున్నాయి. సైన్సు విషయాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ చిక్కు చాలామందికి ఎదురవుతుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు 'సూక్ష్మకణం' సంగతి చూద్దాం. మన పాఠ్యపుస్తకాల్లో 'సూక్ష్మ' అనేది 'మైక్రో'కు స్థిరపడిపోయింది. మైక్రోస్కోపు సూక్ష్మదర్శిని, మైక్రోబ్ సూక్ష్మజీవి. మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు, నానో అంటే నూరు కోట్లలో ఒక వంతు. రెండింటి మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. ఒక మామూలు బ్యాక్టీరియా పొడవు సుమారు వెయ్యి నానోమీటర్లు ఉంటుంది. 20 నానోమీటర్ల వెండి రేణువులను వరసగా పేరిస్తే, ఆ పొడవుకు యాభై పడతాయి. రెండింటినీ 'సూక్ష్మ' అంటే ఈ తేడా పాఠకుడికి తెలిసే దారే ఉండదు. మీ అబ్బాయి పనికి ఆ తేడాయే ప్రాణం. ఒక సెంటీమీటరు ఘనంగా ఉన్న వెండి ముక్కకు పైకి కనిపించే ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లే. అదే ముక్కను 10 నానోమీటర్ల ఘనాలుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది, అంటే దాదాపు ఏడు వందల గజాల స్థలమంత. వెండి పనిచేసేది ఉపరితలం నుంచే కాబట్టి, కాస్త వెండితోనే చాలా బట్టకు సరిపెట్టవచ్చు.

కాబట్టి 'నానో'ను అలాగే ఉంచండి. గ్రీకులో దానికి 'మరుగుజ్జు' అని అర్థం ఉందని 'వామన కణాలు' అనేవాళ్లు కూడా ఉన్నారు. చెవికి ఇంపుగానే ఉంటుంది గానీ, 1960 నుంచి అంతర్జాతీయ కొలతల పద్ధతిలో నానో అనేది ఒక కచ్చితమైన కొలత. కిలోను, మిల్లీని మనం తెలుగు చేయలేదు కదా, దీన్నీ చేయనక్కర్లేదు.

ఇక 'కణం'. భౌతికశాస్త్రంలో ఇది పార్టికల్, జీవశాస్త్రంలో సెల్. విడివిడిగా వాడుకుంటే ఇబ్బంది లేదు. మీ వ్యాసంలో మాత్రం రెండు శాస్త్రాలూ ఒకే వాక్యంలో కలుస్తాయి. 'నానోకణాలు బ్యాక్టీరియా కణాల పొరను దెబ్బతీస్తాయి' అని రాస్తే పదో తరగతి పిల్లవాడు ఏ కణం దేన్ని దెబ్బతీసిందో తెలియక ఆగిపోతాడు. పార్టికల్‌కు 'రేణువు' వాడండి. ఇసుక రేణువు, పుప్పొడి రేణువు అని అందరికీ అలవాటున్న మాటే. 'నానోరేణువులు బ్యాక్టీరియా కణాల పొరను దెబ్బతీస్తాయి' అంటే సందిగ్ధం పోతుంది.

అసలు చిక్కు 'నాశక' దగ్గర ఉంది. 'యాంటీమైక్రోబియల్' అన్న మాటలో చంపడం, పెరగకుండా ఆపడం రెండూ ఇమిడి ఉన్నాయి. తెలుగులో 'నాశకం' అనగానే మొదటిదే మిగులుతుంది. ఈ తేడాను ప్రయోగశాలల్లో పరీక్షలతోనే తేలుస్తారు. ఏఏటీసీసీ (అమెరికాలోని జౌళి రసాయన నిపుణుల సంఘం) 147 అనే పద్ధతిలో, బ్యాక్టీరియాను పెంచే 'అగర్' అనే జెల్లీ పోసిన పళ్లెంలో బ్యాక్టీరియాను గీతలుగా పూసి, దాని మీద బట్ట ముక్క పెట్టి, వెచ్చగా ఉంచుతారు. ఆ తర్వాత తీసి చూస్తే బట్ట కిందా అంచుల వెంటా ఏ పెరుగుదలా లేని ఖాళీ చోటు కనిపించవచ్చు. అక్కడ బ్యాక్టీరియా పెరగలేదని ఆ ఖాళీ చెబుతుంది. ఎన్ని చచ్చాయో మాత్రం దాన్నిబట్టి చెప్పలేం. అది కావాలంటే ఏఏటీసీసీ 100 లాంటి పరీక్ష చేయాలి. అందులో బట్టకు బ్యాక్టీరియాను అంటించి, మొదట ఎన్ని ఉన్నాయి, 24 గంటల తర్వాత ఎన్ని మిగిలాయి అని లెక్కపెడతారు. 99.9 శాతం తగ్గిందంటే వెయ్యికి ఒకటి మిగిలిందని అర్థం.

మీ అబ్బాయి మొదటి పరీక్షే చేసి ఉంటే 'నాశక' అనే హక్కు అతనికి లేదు. "నేను చేసేది ఇది కాదు" అన్నది బహుశా ఇందుకే. అతను చెప్పని మాట అతని పేరు మీద అచ్చయితే, రేపు గైడ్ ముందు టెన్షన్ పడాల్సింది అతనే.

మరి ఏమనాలి? 'యాంటీ' కనిపించగానే 'వ్యతిరేక' అనేయడం పత్రికల్లో అలవాటైంది. సారా వ్యతిరేక ఉద్యమం అంటే మనుషులు పూనుకుని నిలబడటం. బట్టకు అలాంటి పూనిక ఉండదు కాబట్టి 'సూక్ష్మజీవ వ్యతిరేక వస్త్రం' అతకదు. 'క్రిమిసంహారక' అంటారా, మన ఊళ్లలో అది పొలానికి కొట్టే పురుగుమందు. పసిపిల్లల చొక్కా మీద ఆ మాట చూస్తే ఏ తల్లి కొంటుంది?

నేను 'సూక్ష్మజీవ నిరోధక' అంటాను. నీటి నిరోధక, అగ్ని నిరోధక అన్నవి ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి రాసేటప్పుడు 'నిరోధకత' అనే మాటే వాడుతున్నాం. వెండి పూతల మీద రాసే వ్యాసంలో ఆ ప్రస్తావన కూడా రాక తప్పదు, ఎందుకంటే వెండికి అలవాటుపడిన బ్యాక్టీరియాను కూడా శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడ పదాల వరసే మిమ్మల్ని కాపాడుతుంది. ముందు వచ్చేది దేన్ని అడ్డుకుంటున్నామో, తర్వాత వచ్చేది అడ్డుకునేది. 'సూక్ష్మజీవ నిరోధక వస్త్రం', 'ఔషధ నిరోధక సూక్ష్మజీవి' అని ఈ వరస తప్పకుండా రాయండి. 'నిరోధక సూక్ష్మజీవులు' అని పొట్టిగా రాస్తే మాత్రం చదివేవాళ్లు తికమకపడతారు.

లెక్కపెట్టి చూసి బ్యాక్టీరియా చచ్చిందని తేలినచోట 'నాశక' అని ధైర్యంగా రాయవచ్చు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కోవిడ్ రోజుల్లో సుమారు 20 నానోమీటర్ల రాగి ఆధారిత రేణువులను మాస్కు గుడ్డకు పూశారు. బ్యాక్టీరియా మీద అది 99.9 శాతానికి పైగా పనిచేసిందని లెక్కతో చెప్పారు. కరోనా వైరస్ మీద పరీక్ష హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగింది. అక్కడ కూడా వైరస్ విషయంలో 'చంపింది' అనకండి. వైరస్ తనంతట తాను బతికే జీవి కాదు కాబట్టి 'నిర్వీర్యం చేసింది' అన్న మాట సరిగ్గా సరిపోతుంది.

'క్రియాత్మక వస్త్రం' అన్న మాటను నేను ఒప్పుకోలేను. ఫంక్షనల్‌కు నిఘంటువులో ఆ అర్థం ఉండవచ్చు. కానీ అది విన్న తెలుగువాడి మనసులో ఏ బొమ్మా కట్టదు. ఫంక్షనల్ టెక్స్‌టైల్ అంటే ఒళ్లు కప్పడం, అందంగా కనిపించడం కాక మరో పని కూడా చేసే బట్ట: నీరు అంటనిది, నిప్పు అంటుకోనిది, చెమట వాసన రానిది. అలాంటి పనిని బట్టకు చేర్చడానికి మనకు ఎప్పటినుంచో ఒక క్రియ ఉంది: 'పట్టించడం'. నూలుకు గంజి పట్టిస్తాం. కలంకారీవాళ్లు రంగు వేసేముందు బట్టకు కరక్కాయ పట్టిస్తారు. శ్రీకాళహస్తిలోనైతే అందులో పాలు కూడా కలుపుతారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం వల్ల రంగు బట్టను గట్టిగా పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. మీ అబ్బాయి చేసేది కూడా ఈ కోవలోని పనే: రేణువులు కలిపిన ద్రావణంలో బట్టను ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, వేడి చేసి గట్టిపరుస్తాడు. 'వెండి నానోరేణువులు పట్టించిన పత్తి బట్ట' అంటే చీరాల నేతగాడికీ అర్థమవుతుంది, ప్రొఫెసర్‌కూ తప్పు కనిపించదు. అన్ని రకాలనూ కలిపి ఒక్క మాటలో చెప్పాల్సి వస్తే 'ప్రత్యేక గుణాలున్న జౌళి' అనండి.

కొత్త బట్టల అంచులకు పసుపు పెట్టడం కూడా ఇలాంటి 'నానో టెక్నాలజీ'యేనని రాసేవాళ్లున్నారు. మీ వ్యాసంలోకి దాన్ని రానివ్వకండి. పసుపులోని కర్కుమిన్‌కు ప్రయోగశాలలో కొంత సూక్ష్మజీవ నిరోధక గుణం కనిపించిన మాట నిజమే. మూలన పెట్టిన బొట్టు మాత్రం మంగళప్రదమని పెట్టేది. దాని విలువ దానికుంది.

'వస్త్ర పదార్థాలు' అనకుండా 'జౌళి' అనమన్నది ఎందుకంటే, వస్త్రం అంటే కట్టుకునేది. టెక్స్‌టైల్‌లో దారం, గాయానికి కట్టే గుడ్డ, ఆస్పత్రి కర్టెన్, అసలు నేయకుండానే తయారయ్యే మాస్కు పొర కూడా ఉంటాయి. ఇన్నిటినీ కలిపి చెప్పే మాట మనకు అంగళ్లలోనూ, ప్రభుత్వ శాఖల పేర్లలోనూ సిద్ధంగా ఉంది. ఇక 'అభివృద్ధి' అన్నది ముందే ఉన్నదాన్ని మెరుగుపరచడం. ఊరిని అభివృద్ధి చేస్తాం. లేనిదాన్ని తయారుచేస్తే అది 'రూపొందించడం'.

వ్యాసం లోపల ఇంకొక్క చోట జాగ్రత్తపడండి. 'శాశ్వత రక్షణ' అన్న మాట ఎక్కడైనా రాసి ఉంటే తీసేయండి. వెండి పూసిన సాక్సులను ఉతికితే ఆ వెండి నీళ్లలోకి వెళ్తుందని అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో చూపించారు. కొన్ని సాక్సులు నాలుగు ఉతుకుల్లోనే దాదాపు మొత్తం వెండిని పోగొట్టుకున్నాయి. 'ఇన్ని ఉతుకుల తర్వాత కూడా పనిచేసింది' అని రాసి, ఆ అంకె మీ అబ్బాయిని అడిగి వేయండి.

శీర్షిక ఇలా మార్చవచ్చు: 'సూక్ష్మజీవులను అడ్డుకునే నానోరేణువులు – వాటిని పట్టించిన పత్తి బట్టలు'. 'నానోరేణువు'ను ఒకే మాటగా కలిపి రాయండి. రైలుప్రయాణం, పోలీసుశాఖ లాగే ఇదీ మిశ్ర సమాసమే, తప్పేమీ లేదు. శీర్షికలో విడమరిచి చెప్పి, లోపల 'సూక్ష్మజీవ నిరోధక' అని పొట్టిగా వాడుకోవచ్చు.