పావలా తీసుకోని పిల్లాడు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. ఇంగ్లిష్‌లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల చదివించి, అందులో ఒక పాత్రను తీసుకుని ఆ పాత్ర మోరల్ కోడ్ ఏమిటో వ్యాసం రాయమన్నారు. నేనే పక్కన కూర్చుని రాయించాను. అందులోని లాయరు ఆటికస్ నిజాయితీపరుడు, ధైర్యవంతుడు, దయగలవాడు, మంచి తండ్రి అని. సి గ్రేడ్ వచ్చింది. ‘ఇవన్నీ విశేషణాలు, మరి కోడ్ ఏది?’ అని టీచర్ పక్కన రాశారట. గుంటూరులో నేను చదువుకునేటప్పుడు ఇలా రాస్తే పదికి ఎనిమిది వేసేవారు. ఇప్పుడు మా అమ్మాయి నన్ను దగ్గర కూర్చోనివ్వడం లేదు. ఎలా సాయం చేయాలి?

జవాబు: అమ్మా, కోపం తెచ్చుకోకండి గానీ ఆ సి గ్రేడ్ వచ్చింది మీకు, మీ అమ్మాయికి కాదు. మీకే కాదు, నాకూ అదే వచ్చేది. నాన్‌డీటెయిల్‌లో క్యారెక్టర్ స్కెచ్ అడిగితే గైడు తెరిచి ఎనిమిది వాక్యాలు బట్టీ పట్టిన తరం మనది. ఆ తర్వాత ఇంగ్లిష్ టీచర్‌నయ్యి ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చేత అదే చేయించాను, కాబట్టి ఈ పాపంలో నా వాటా మీకంటే పెద్దది. పేరు కొట్టేసి ఎవరి పేరు పెట్టినా సరిపోయేలా ఉండేవి ఆ ఎనిమిది వాక్యాలు.

టీచర్ అడిగింది ఆ మనిషి మంచివాడా కాదా అని కాదు. ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పట్టింపు ఏమిటి, దానికోసం ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడతాడు, ఎక్కడ దాన్ని పక్కన పెడతాడు, ఇవీ ఆవిడకు కావాల్సినవి. ఆటికస్‌ని కాసేపు వదిలేయండి, ఆయన పెద్ద పాత్ర, అందరూ ఆయన మీదే రాస్తారు. రెండో అధ్యాయంలో వాల్టర్ కన్నింగ్‌హామ్ అనే చిన్న పిల్లాడు ఉంటాడు, వాడి దగ్గర మొదలుపెట్టండి.

కథ 1930ల నాటి అలబామాలో, మేకోంబ్ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. ధరలు పడిపోయి రైతులు చితికిపోయిన రోజులు. బడి తెరిచిన మొదటి రోజు వాల్టర్ మధ్యాహ్నానికి క్యారేజీ తెచ్చుకోడు, కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మ జాలిపడి, ఇవాళ్టికి బయట తిను, రేపు తిరిగి ఇచ్చేయి అని పావలా డాలరు చేతిలో పెట్టబోతుంది. వాడు తల అడ్డంగా ఊపుతాడు. ఆవిడకు అర్థం కాదు. అప్పుడు అదే క్లాసులో ఉన్న ఆటికస్ కూతురు స్కౌట్ లేచి, వాడు కన్నింగ్‌హామ్ వాళ్ల పిల్లాడండీ అని చెబుతుంది, ఆ ఊళ్లో అంత చెబితే చాలు. తిరిగి తీర్చలేనిది వాళ్లు ఎవరి దగ్గరా తీసుకోరు, చర్చి పంచే బుట్ట అయినా సరే, గవర్నమెంటు ఇచ్చే సాయమైనా సరే. వాడి తండ్రి ఆటికస్ దగ్గర లాయరు పని చేయించుకుని డబ్బు లేక ఫీజు ఎలా తీర్చాడో తెలుసా? ఒకరోజు పెరట్లో కట్టెల మోపు, తర్వాత ఒక సంచి హికరీ కాయలు, క్రిస్మస్‌కి ఇంటి అలంకరణకు ఆకూ కొమ్మలూ, ఆపైన ఒక గోనె నిండా టర్నిప్ ఆకుకూర. మన పల్లెల్లో వైద్యం చేసిన ఆయన ఇంటికి కొత్త బియ్యమో రెండు గుమ్మడికాయలో పంపినట్టే ఉంటుంది.

ఇక్కడ ‘వాల్టర్ ఆత్మాభిమానం గలవాడు’ అని రాస్తే మళ్లీ గైడే. ‘తీర్చలేనిది తీసుకోకూడదనేది వాళ్ల నియమం, ఆకలేసినా పావలా ముట్టుకోలేదు’ అని రాస్తే అది కోడ్. ఆకలి అనే ఖర్చు కనిపిస్తోంది కదా, అదే ఎవిడెన్స్.

ఇక అసలు సంగతికి వస్తే, ఇంత పట్టింపు ఉన్న ఇదే కుటుంబం పెద్దాయన, అంటే వాల్టర్ తండ్రి, పదిహేనో అధ్యాయంలో జైలు మీదకు వచ్చిన గుంపులో ఉంటాడు. చేయని నేరం మోపబడ్డ నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్‌ను చంపడానికి రాత్రిపూట వచ్చిన గుంపు అది. కట్టెల మోపు తెచ్చి అప్పు తీర్చే మనిషికి, ఒక మనిషి ప్రాణం విషయంలో ఆ లెక్క అడ్డురాలేదు! స్కౌట్ ఆయన్ని గుర్తుపట్టి, మీ వాల్టర్ నాతో చదువుతున్నాడు, బాగున్నాడా అని మాట కలిపితేగానీ ఆయన వెనక్కి తిరగడు. అంటే ఆ ఇంటి నియమం ఎంతవరకు పనిచేస్తుంది, ఎవరి దగ్గర ఆగిపోతుంది? మీ అమ్మాయిని ఈ ఒక్క ప్రశ్న అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పొద్దు, దయచేసి.

ఆటికస్ మీదే రాస్తానంటే, కోర్టు సీను చాలామంది రాసేస్తారు, చివర్న ముప్పయ్యో అధ్యాయానికి వెళ్లమనండి. తన పిల్లల మీద దాడి చేసిన బాబ్ యూయెల్‌ని తన కొడుకే పొడిచి చంపాడనుకుని, కప్పిపుచ్చడానికి ఆయన ససేమిరా ఒప్పుకోడు, కొడుకును పెంచిన తీరుకే అది ద్రోహమనుకుంటాడు. కానీ పొడిచింది కొడుకు కాదు, ఏళ్ల తరబడి ఇల్లు కదలని బూ రాడ్లీ అని అర్థమయ్యాక, యూయెల్ తన కత్తి మీద తనే పడ్డాడన్న షెరీఫ్ మాటకు తల ఒగ్గుతాడు. కన్నకొడుకు కోసం చేయని పని పొరుగువాడి కోసం చేశాడు. ఇది కోడ్ తప్పడమా, లేక ఆయన కోడ్ మనం అనుకున్నదే కాదా? దీనిమీద పెద్దవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు, తొమ్మిదో క్లాసు అమ్మాయి ఎటు రాసినా సరే, పేజీ చూపించి రాస్తే చాలు.

మీకు పరాయిగా అనిపిస్తే మన కన్యాశుల్కం గుర్తు చేసుకోండి. అందులో నీతులు దంచేది గిరీశం, నియమం పాటించేది మధురవాణి. చెడని మనిషిని చెడగొట్టకూడదని తల్లి చెప్పిన మాట పట్టుకుని సౌజన్యారావు పంతులు ముందు ఆగిపోతుంది. ఈ ఒక్క సీను మీ అమ్మాయికి చెప్పి చూడండి, మళ్లీ దగ్గర కూర్చోనిస్తుందేమో.

ప్రశ్న: మా అబ్బాయి పదకొండో క్లాసు, డాలస్. మార్క్ ట్వేన్ నవల హకిల్‌బెర్రీ ఫిన్ చదువుతూ, ‘నాన్నా, మనస్సాక్షి చెప్పింది వినకపోతేనే మంచిదట’ అన్నాడు. ఇదేం చదువండీ?

జవాబు: మీ వాడు సగం చెప్పాడు. పారిపోయిన బానిస జిమ్‌కు సాయపడడం పాపమని కథానాయకుడైన కుర్రాడు హక్‌కి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. అందుకే జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ యజమానురాలు మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు, రాయగానే మనసు తేలికపడుతుంది కూడా. తర్వాత తెప్ప మీద జిమ్‌తో గడిపిన రోజులు గుర్తొచ్చి, సరే నరకానికే పోతాను అనుకుని ఉత్తరం చింపేస్తాడు. ఇందులో ఆరోగ్యమైన హృదయానికీ వంకరపోయిన మనస్సాక్షికీ గొడవ వచ్చి మనస్సాక్షి ఓడిపోతుందని మార్క్ ట్వేన్ స్వయంగా 1895లో తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పుస్తకం అమెరికాలో 1885లో వచ్చింది, అప్పటికి బానిసత్వం రద్దయి ఇరవై ఏళ్లు. చదివేవాళ్లకు హక్ చేసింది రైటని తెలుసు, హక్‌కే తెలియదు. ఉత్తరం చింపినా బానిసత్వం తప్పని వాడు అనుకోడు, తానే చెడిపోయానని అనుకుంటాడు. మీ అబ్బాయి వ్యాసంలో ఈ ముక్క ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి, తిట్టకుండా. మన ఇళ్లలో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టేటప్పుడు మన మనస్సాక్షి ఏమీ అనేది కాదని వాడు తిరిగి అడిగితే మాత్రం, నన్ను సాయానికి పిలవకండి.