రీఫండ్ మెయిల్‌తో వచ్చిన ఫైలు: తెరవకుండా ఏం చేయాలి?

మీ నాన్నగారికి ‘ఇన్‌కంటాక్స్ రీఫండ్ మంజూరైంది, జత చేసిన ఫైలు చూడండి’ అని మెయిల్ వచ్చిందనీ, ఆయన లాప్‌టాప్‌లోకి దింపారు గానీ తెరవలేదనీ రాశారు. తెరవలేదంటే సగం టెన్షన్ తీరినట్టే.

చూడ్డానికి పీడీఎఫ్‌లాగే ఉందన్నారు కదా, అక్కడే ఉంది కిటుకు. విండోస్ మామూలుగా ఫైలు పేరు తోకను దాచేస్తుంది. ‘రీఫండ్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ (ఈఎక్స్ఈ అంటే డాక్యుమెంట్ కాదు, తెరవగానే నడిచే ప్రోగ్రామ్) అన్నది మనకు ‘రీఫండ్ డాట్ పీడీఎఫ్’ అనే కనిపిస్తుంది. ఫోల్డర్‌లో ‘వ్యూ’కి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కి టిక్ పెట్టండి, అసలు తోక బయటపడుతుంది. ఈఎక్స్ఈ అని ఉంటే డబుల్ క్లిక్ చేయకుండా, షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టి వదిలేయండి. కాస్త ఎక్కువసేపే పడుతుంది.

మెయిల్‌లో లింకు కూడా ఉంటే నొక్కకుండా మౌస్ దాని మీద పెట్టి చూడండి, అసలు అడ్రసు కనిపిస్తుంది. ‘గవ్ డాట్ ఇన్’ తర్వాత ఏటవాలు గీత (/) లేకుండా ఇంకో చుక్క, ఇంకేదో పేరు ఉంటే అది దొంగ సైటే. పంపినవాళ్ల పేరు నమ్మకండి, ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. రీఫండ్ నిజమో కాదో ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీరే లాగిన్ అయితే తెలుస్తుంది.

ఒకవేళ నాన్నగారు తెరిచి, తిడతారని చెప్పకపోయి ఉంటే (మా ఇంట్లో జరిగింది లెండి) వెంటనే వైఫై తీసేసి, వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.