మంచులో క్వారీ దారి, జీన్స్‌లో వెళ్లొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను, వచ్చి నాలుగు నెలలైంది. జనవరి మొదటి శనివారం తెలుగువాళ్లం పద్నాలుగు మందిమి పీక్ డిస్ట్రిక్ట్ కొండలకి హైక్ వెళ్తున్నాం. గ్రిండిల్‌ఫర్డ్‌లో రైలు దిగి, పాడ్లీ గార్జ్ అనే లోయ ఎక్కి, హిగ్గర్ టోర్ అనే రాతికొండ చూసి, బోల్‌హిల్ పాత క్వారీ మీదుగా తిరిగి రావాలని ప్లాన్. మంచు పడొచ్చంటున్నారు. హిగ్గర్ టోర్ 434 మీటర్లే కదా, జీన్స్, స్పోర్ట్స్ షూస్ చాలవా?

జవాబు: 434 మీటర్లే అన్నారు చూడండి, ఆ 'లే' దగ్గరే వస్తుంది చిక్కు. తిరుమల కొండ దానికి దాదాపు రెట్టింపు ఎత్తు, మనవాళ్లు చెప్పుల్లేకుండా ఎక్కేస్తారు. కానీ అక్కడ మెట్లున్నాయి, లైట్లున్నాయి, దారి పొడవునా జనం ఉంటారు. హిగ్గర్ టోర్ దగ్గర చెట్టు నీడ కూడా ఉండదు, గాలి నేరుగా ముఖానికి కొడుతుంది, పైగా జనవరి మొదట్లో 4 గంటలకే పొద్దు గుంకుతుంది. పద్నాలుగు మంది అంటే ఒకరు రైలు మిస్సవుతారు, ఇద్దరు సెల్ఫీల దగ్గర ఆగిపోతారు, ఒకరికి మడమ బొబ్బెక్కుతుంది. అందుకని మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా సరే, టోర్ కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలని రైల్లోనే మాట అనుకోండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టండి, దారి బాగా తెలిసినవాళ్లు చివర్లో నడవాలి.

జీన్స్ మాత్రం వద్దు. మొదటి చలికాలం నేనూ జీన్స్‌లోనే వెళ్లాను. మోకాలి దాకా మంచులో తడిసింది, గంట తర్వాత పిక్కల దగ్గర అట్టముక్కలా బిగుసుకుపోయి నడిచినప్పుడల్లా చప్పుడు చేసింది, ఫ్రెండ్స్‌కి నవ్వే నవ్వు. కాటన్ తడిస్తే తొందరగా ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. జిమ్‌కి వేసుకునే పాలియెస్టర్ ట్రాక్ ప్యాంట్ ఉంటే అదే నయం, లోపల థర్మల్, పైన వాన ఆపే ప్యాంట్. షూస్ కింద అచ్చు లోతుగా ఉండాలి. పాడ్లీ గార్జ్‌లో దారికి అడ్డంగా చెట్ల వేర్లు, వాటి మీద ఐసు, అక్కడే ఎక్కువమంది పడతారు. బూట్లకి తొడిగే మైక్రోస్పైక్స్ (చిన్న మేకులున్న పట్టీలు) కొంటే ఇంకా మంచిది. తలకి కట్టుకునే టార్చ్ తలా ఒకటి ఉండాలి, ఫోన్ టార్చ్‌ని నమ్ముకోవద్దు, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

ఇక క్వారీ. బోల్‌హిల్ పైన మిల్‌స్టోన్ ఎడ్జ్ అనే రాతిగోడ ఉంది, కొండని నిలువునా కోసి రాయి తీయగా మిగిలిన గోడ అది. కింద నుంచి చూస్తే గోడే, పైన నడిచేవాళ్లకి మాత్రం తెల్లటి మైదానం ఉన్నట్టుండి ఆగిపోతుంది. గాలికి కొట్టుకొచ్చిన మంచు అంచు దాటి ముందుకు పేరుకుంటే కింద నేల ఉందో లేదో తెలీదు. ఫొటో కోసం 'ఇంకొంచెం వెనక్కి' అనే మాట ఆ రోజుకి మానేయండి. రోడ్డుకి అవతల లారెన్స్‌ఫీల్డ్ క్వారీలో నీటిమడుగు ఉంది, తాండూరు వైపు నాపరాయి గుంతల్లో నీళ్లు నిలిచినట్టే. పైన ఐసు కట్టినా కాలు పెట్టొద్దు.

ప్రశ్న: ఆ బోల్‌హిల్ క్వారీలో గుండ్రటి రాళ్లు వరసగా పడున్నాయట, ఎవరు వదిలేశారు?

జవాబు: తిరగలి రాళ్లండీ, మన ఇంటి తిరగలికి పెదనాన్నలు. ఆ చుట్టుపక్కల ముతక ఇసుకరాయితో వాటిని చెక్కేవాళ్లు. జనం తెల్ల పిండికి అలవాటు పడ్డాక ఈ రాయి పిండిని బూడిదరంగు చేస్తోందని ఫ్రెంచి రాయి తెప్పించుకున్నారు, ఆ తర్వాత స్టీలు రోలర్లు వచ్చాయి. చెక్కినవి చెక్కినట్టే ఉండిపోయాయి. మంచు పడినప్పుడు చూడాలి, ఒక్కోదాని మీద తెల్లగా పేరుకుని ఇడ్లీ రేకు తెరిచినట్టు ఉంటుంది. బోల్‌హిల్ అసలు పెద్దదైంది మాత్రం ఆనకట్టల కోసం. 1912లో పూర్తయిన హౌడెన్, 1916లో పూర్తయిన డెర్వెంట్ ఆనకట్టలకి ఇక్కణ్ణుంచే పది లక్షల టన్నులకు పైగా రాయి వెళ్లింది, వాలు పట్టాల మీద వ్యాగన్లను గ్రిండిల్‌ఫర్డ్ దాకా దించి అక్కడ రైలుకెక్కించేవారు. ఇప్పుడు ఆ గుంత నిండా బర్చ్ చెట్లే.

ప్రశ్న: పులిహోర కట్టుకెళ్తే?

జవాబు: తినాలంటే గ్లవ్స్ తీయాలి, తీశాక వేళ్లు కొయ్యబారిపోతాయి, అన్నం చూస్తే రాయిలా ఉంటుంది. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు జేబులో వేసుకోండి, ఫ్లాస్కులో అల్లం టీ. పులిహోర ఇంటికొచ్చాక.

ప్రశ్న: మా అబ్బాయి ఈ గుంపులోనే ఉన్నాడు. ఏదన్నా అయితే ఎవరికి చెప్పాలి? చాలా ఖర్చవుతుందా? (వరంగల్ నుంచి ఒక తల్లి)

జవాబు: ఖర్చేమీ ఉండదమ్మా. అక్కడివాళ్లు 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేది జీతం లేని వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. బ్యాగులో విజిల్ ఉందో లేదో మీరే అడగండి. లోయలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఫోన్ ఎత్తకపోతే అప్పుడే టెన్షన్ పడొద్దు. స్టేషన్‌కి చేరగానే మెసేజ్ పెట్టమని చెప్పండి. అక్కడ సాయంత్రం 4:30 అంటే మీకు రాత్రి 10 గంటలు.