పీఎస్‌పీ, వీటా, 3డీఎస్, మియూ: పాత గేమ్‌లు ఆడటానికీ, సొంత ప్రోగ్రామ్‌లు రాయడానికీ ఏది కొనాలి?

మీరు అడిగింది ఇది: చిన్నప్పుడు టీవీ గేమ్‌లో క్యాసెట్ పెట్టి ఆడినవి, జీబీఏ (నింటెండో గేమ్‌బాయ్ అడ్వాన్స్) గేమ్‌లు, పీఎస్1 (సోనీ మొదటి ప్లేస్టేషన్) గేమ్‌లు మళ్ళీ ఆడాలి. సీ భాష కొంచెం వచ్చు కాబట్టి సొంతంగా చిన్న ప్రోగ్రామ్‌లు రాసి అదే మెషిన్ మీద నడపాలి. సెకండ్ హ్యాండ్‌లో సోనీ పీఎస్‌పీ తీసుకోవాలా, దాని తర్వాత వచ్చిన వీటా కోసం వెతకాలా, నింటెండో 3డీఎస్ మంచిదా, లేక ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే మియూ, ఆన్‌బెర్నిక్ లాంటి చైనా మెషిన్లు సరిపోతాయా?

ఈ రకాలన్నీ ఇంట్లో ఉన్నాయి, అన్నిటి మీదా ఆడాను, అన్నిటికీ ఏదో ఒకటి రాశాను. ముందే చెప్పేస్తాను. ఆడటం ఒక్కటే కావాలంటే మియూ మినీ ప్లస్ గానీ, ఆన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ వరసలో ఏదో ఒకటి గానీ కొనేయండి, ఇంక ఆలోచించకండి. మీకు రెండూ కావాలి కాబట్టి మంచి కండిషన్‌లో వీటా దొరికితే అది తీసుకోండి.

చాలామంది ముందు ప్రాసెసర్ చూస్తారు. ఫామికామ్ (మన క్యాసెట్ టీవీ గేమ్‌లకు మూలమైన నింటెండో మెషిన్), జీబీఏ, పీఎస్1 వరకే అయితే ప్రాసెసర్ గురించి టెన్షన్ అక్కర్లేదు, స్క్రీన్ మీద పిక్సెల్‌ల లెక్క చూడండి. పాత గేమ్ బొమ్మ సరిగ్గా రెండింతలో మూడింతలో పెరిగితే శుభ్రంగా కనిపిస్తుంది. ఒకటిన్నర రెట్లు, ఒకటింబావు రెట్లు పెంచితే కొన్ని పిక్సెల్‌లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. కదలని బొమ్మలో ఇది తెలియదు. మారియో పరిగెడుతూ ఉంటే మాత్రం వెనకాల ఇటుకల గీతలు అలలు అలలుగా ఊగుతాయి. ఫిల్టర్ వేస్తే ఆ ఊపు తగ్గుతుంది గానీ బొమ్మ మసకబారుతుంది.

లెక్క వేసి చూడండి. పీఎస్‌పీ స్క్రీన్ 480x272. జీబీఏ బొమ్మ 240x160. రెండింతలు చేస్తే ఎత్తు 320 కావాలి, ఉన్నది 272. అంటే స్క్రీన్ మధ్యలో చిన్నగా ఆడాలి, లేదా సాగదీసి ఆడాలి. వీటా స్క్రీన్ 960x544, పీఎస్‌పీకి నిలువునా అడ్డంగా సరిగ్గా రెండింతలు. జీబీఏ మూడింతలు చేస్తే 720x480, హాయిగా పడుతుంది. పీఎస్1లో ఎక్కువ గేమ్‌లు వాడిన 320x240 రెండింతలైతే 640x480, అదీ పడుతుంది. ఫామికామ్ 256x240 కూడా రెండింతలకు సరిపోతుంది. మియూ మినీ ప్లస్‌ది 640x480, పీఎస్1, ఫామికామ్‌లకు కొలిచి కుట్టించినట్టు ఉంటుంది. జీబీఏకి మాత్రం రెండింతలు వేస్తే చుట్టూ నల్ల అంచు మిగులుతుంది. జీబీఏ మీదే ప్రాణమైతే 720x480 స్క్రీన్‌తో వచ్చే ఆన్‌బెర్నిక్ ఆర్‌జీ34ఎక్స్ఎక్స్ చూడండి, మూడింతలు అంచు నుంచి అంచుకు పడుతుంది. 3డీఎస్ పై స్క్రీన్ 2డీలో 400x240 మాత్రమే, జీబీఏ ఒకటిన్నర రెట్లకే నిండిపోతుంది.

ఇప్పుడు పీఎస్‌పీ. 2004 చివర్లో జపాన్‌లో వచ్చిన మెషిన్ ఇది, మన దగ్గర కూడా బాగా అమ్ముడుపోయింది కాబట్టి పాతవి ఇంకా కనిపిస్తూ ఉంటాయి. పీఎస్1 గేమ్‌లు ఇందులో అద్భుతంగా నడుస్తాయి, ఎందుకంటే సోనీ సొంత పీఎస్1 ఎమ్యులేటర్ (వేరే మెషిన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) ఫర్మ్‌వేర్‌లోనే, అంటే మెషిన్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కస్టమ్ ఫర్మ్‌వేర్ (బయటివాళ్లు మార్చి రాసినది) వేస్తే మీ దగ్గరున్న డిస్క్ నుంచి తీసిన ఇమేజ్‌ను పీఎస్‌పీ నడపగల ఈబూట్ ఫైల్‌గా మార్చి ఆడుకోవచ్చు. జీబీఏకి జీపీఎస్‌పీ అనే ఎమ్యులేటర్ ఉంది, స్పీడ్ బాగానే వస్తుంది. సూపర్ నింటెండో దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది, ముఖ్యంగా క్యాసెట్‌లోనే అదనపు చిప్ ఉన్న గేమ్‌లకి. డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) ఏటవాలుగా నొక్కడానికి గట్టిగా ఉంటుంది, ఫైటింగ్ గేమ్‌లు ఆడేవారికి చిరాకు.

అయినా ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పీఎస్‌పీ అంటే నాకు ఎంతో గౌరవం. 333 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1000 మోడల్‌లో 32 ఎంబీ మెమరీ, 2000 నుంచి 64 ఎంబీ. ఇంతలోనే సర్దుకోవాలి. స్క్రీన్ వెడల్పు 480 అయినా ఫ్రేమ్‌బఫర్‌లో (స్క్రీన్ మీది బొమ్మ ఉండే మెమరీలో) ఒక్కో వరసకు 512 పిక్సెల్‌ల చోటు పెడతారు, టెక్స్చర్ (గీయడానికి చిప్‌కి ఇచ్చే బొమ్మ) 512x512 దాటకూడదు. ప్రాసెసర్ రాసిన డేటా ఇంకా క్యాష్‌లోనే (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగమైన మెమరీలోనే) ఉండిపోతే గ్రాఫిక్స్ చిప్‌కి పాత డేటా అందుతుంది. అప్పుడు స్క్రీన్ మీద సన్నటి అడ్డగీతల్లా చెత్త కనిపిస్తుంది. బొమ్మ గీయమనే ముందు క్యాష్‌ను మెమరీలోకి తోసే ఒక్క ఫంక్షన్ పిలిస్తే ఆ గీతలు మాయం. క్యాష్ అంటే ఏమిటో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని అవగాహన ఆ గీతలు చూశాక వస్తుంది. పీఎస్‌పీకి ప్రోగ్రామ్‌లు రాసే పనిముట్ల కట్ట పీఎస్‌పీఎస్‌డీకే ఉచితం. కంప్యూటర్‌లో పీపీఎస్ఎస్‌పీపీ అనే పీఎస్‌పీ ఎమ్యులేటర్ మీద ముందు పరీక్షించుకోవచ్చు. పీఎస్‌పీలింక్ పెట్టుకుంటే యూఎస్‌బీ వైరు మీదుగానే ప్రోగ్రామ్ నడపవచ్చు, ప్రతిసారీ మెమరీ స్టిక్‌లోకి కాపీ చేసే పని లేదు.

పీఎస్‌పీ కొంటే బ్యాటరీ మాత్రం చూసి కొనండి. వెనక మూత సరిగ్గా పడకుండా ఒక మూల లేచి ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం, అది వాడకూడదు. మార్కెట్‌లో 3600 ఎంఏహెచ్ అని అచ్చేసి అమ్మే బ్యాటరీలను నమ్మకండి. 1000 మోడల్‌తో వచ్చిన అసలు బ్యాటరీయే 1800, సన్నటి మోడళ్లది 1200. మెమరీ స్టిక్ వెతుక్కోవద్దు, మైక్రో ఎస్‌డీ పట్టే అడాప్టర్ చాలు. ఈ1000 మోడల్‌లో వైఫై లేదు, స్పీకర్ కూడా ఒక్కటే. చవకగా వస్తున్నా నేనైతే వద్దంటాను.

3డీఎస్ సంగతి వేరు. పీఎస్1 కోసం దీన్ని కొనకండి, న్యూ 3డీఎస్ మీద కూడా అన్ని గేమ్‌లూ సాఫీగా సాగవు. కానీ దానికి ముందు వచ్చిన నింటెండో డీఎస్ గేమ్‌లు ఎమ్యులేటర్ లేకుండా అసలు హార్డ్‌వేర్ మీదే నడుస్తాయి, ఓపెన్ ఏజీబీ ఫర్మ్ అనే ప్రోగ్రామ్ వేస్తే జీబీఏ గేమ్‌లు కూడా అంతే. బటన్ నొక్కిన క్షణానికీ బొమ్మ కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం తెలియదు. ఇక హోమ్‌బ్రూ, అంటే సొంత ప్రోగ్రామ్‌లు రాసేవారికి ఇది పండగ. హోమ్‌బ్రూ లాంచర్ తెరిచి వై బటన్ నొక్కితే మెషిన్ వైఫై మీద ఎదురుచూస్తూ ఉంటుంది. కంప్యూటర్‌లో 3డీఎస్‌లింక్ అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే ప్రోగ్రామ్ గాల్లోంచి వచ్చి చేతిలో తెరుచుకుంటుంది. ఒక అంకె మార్చి, మళ్ళీ కంపైల్ చేసి, మళ్ళీ పంపడానికి పట్టే సమయం చాలా తక్కువ. నేర్చుకునేవారికి అన్నిటికన్నా విలువైన సౌకర్యం ఇదే అని నా అభిప్రాయం. సరాసరి ఫ్రేమ్‌బఫర్‌లో గీయాలంటే ఒక విచిత్రం ఉంది, స్క్రీన్ మెమరీలో పక్కకు తిరిగి ఉంటుంది, అడ్డమూ నిలువూ తారుమారు. సిట్రో2డీ లైబ్రరీ వాడితే ఆ బాధ ఉండదు.

మా అక్క కూతురికి అక్షరాలు దిద్దించే ప్రోగ్రామ్ ఒకటి ముందు వీటాకి రాశాను, తర్వాత 3డీఎస్‌కి మార్చాను. వీటా టచ్ గాజు మీద వేలితో "ఇ" దిద్దితే ఆ వేలే అక్షరాన్ని కప్పేస్తుంది, ఏం రాస్తోందో పిల్లకే కనిపించదు. 3డీఎస్ కింద స్క్రీన్ ఒత్తిడికి పనిచేసే రకం, పుల్ల లాంటి స్టైలస్ ఉంటుంది. దాన్ని పలక మీద బలపం పట్టినట్టే పట్టుకుంది, మెలిక ఎక్కడ తిరగాలో చూసుకుంటూ దిద్దింది. చిన్నపిల్లల కోసం ఏదైనా రాయాలనే ఆలోచన ఉంటే 3డీఎస్, డీఎస్‌లను మర్చిపోకండి.

ఈ ప్రోగ్రామ్ వల్లే ఇంకో సంగతి బాగా తెలిసింది. తెలుగు అక్షరాలు చూపించాలనుకునే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవుతుంది. ఈ మెషిన్ల మీద లైబ్రరీలు మామూలుగా ఫ్రీటైప్ అనే లైబ్రరీ వాడి అక్షరాలు గీస్తాయి. ఫాంట్‌లో ఉన్న ఒక్కో గుర్తును విడివిడిగా గీయడం వరకే దాని పని, ఒత్తులూ గుణింతాలూ కలపడం దానికి తెలియదు. మండలి లాంటి మంచి తెలుగు ఫాంట్ ఇచ్చినా "అమ్మ" అని రాస్తే రెండో "మ" కిందికి దిగదు, పక్కనే నిలబడుతుంది. "స్త్రీ" అయితే ముక్కలు ముక్కలే. వాటిని కలిపే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. అక్షరాలు గీసే ఎస్‌డీఎల్ టీటీఎఫ్ లైబ్రరీ కొత్త వెర్షన్‌లను హార్ఫ్‌బజ్‌తో కలిపి కంపైల్ చేసుకుంటే తెలుగు సరిగ్గా వస్తుంది, వీటా, మియూ లాంటి వాటిలో ఆ దారి పట్టవచ్చు. పీఎస్‌పీ, డీఎస్‌ల మీద నేను ఆ శ్రమ పెట్టను. కావలసిన పదాలన్నీ కంప్యూటర్‌లోనే బొమ్మలుగా తయారుచేసి పెట్టుకుంటాను. పదాలు వందల్లో ఉన్నంతవరకూ ఇదే సుఖం.

చైనా హ్యాండ్‌హెల్డ్‌ల దగ్గరికి వద్దాం. మియూ మినీ ప్లస్‌లో ఆనియన్ ఓఎస్ వేస్తే గేమ్ మధ్యలో పవర్ ఆపేసినా సేవ్ చేసుకుంటుంది, మళ్ళీ ఆన్ చేస్తే నేరుగా అదే చోట తెరుచుకుంటుంది. మెట్రోలో స్టేషన్ వచ్చిందని ఆపేసి, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అదే దూకుడు మధ్యలోంచి ఆడుతున్నాను. పీఎస్1 వరకు బాగా ఆడుతుంది. అనలాగ్ స్టిక్‌లు లేవు, నింటెండో 64 ఆశించవద్దు. ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ ప్లస్, హెచ్ మోడళ్లలో ఉన్న హెచ్700 చిప్ ఇంకొంచెం బలమైనది. నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్‌లలో కొన్ని గేమ్‌లు నడుస్తాయి, పీఎస్‌పీలో తేలికపాటివి నడుస్తాయి. హెచ్‌కి స్టిక్‌లు కూడా ఉన్నాయి.

వీటితో వచ్చే మెమరీ కార్డు తీసి పక్కన పెట్టేయండి. నాసిరకం కార్డులు వస్తుంటాయి, ఎప్పుడు పోతాయో తెలియదు, సేవ్‌లన్నీ వాటితోపాటే పోతాయి. అమ్మేవాళ్లు వేలకొద్దీ గేమ్‌లు నింపి ఇస్తారు, అవి హక్కులున్నవాళ్లు ఇచ్చినవి కావు. మంచి కార్డు కొని, మీ దగ్గరున్న డిస్క్‌లూ క్యాసెట్ల నుంచి తీసుకున్నవీ, ఉచితంగా ఇచ్చే హోమ్‌బ్రూ గేమ్‌లూ వేసుకోండి. జీబీఏ కోసం ఇప్పటికీ కొత్త గేమ్‌లు రాస్తున్నవారు ఉన్నారు, అవి ఒకసారి చూడండి.

ప్రోగ్రామ్‌లు రాయడానికి ఇవి సులభం కూడా, ఎందుకంటే లోపల ఉన్నది లినక్స్. కంప్యూటర్‌లో ఎస్‌డీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో రాసి నడిచిందంటే క్రాస్ కంపైలర్‌తో (వేరే మెషిన్ కోసం కంపైల్ చేసే దానితో) దీనికీ తయారుచేసుకోవచ్చు. సీ కష్టమనిపిస్తే లవ్ ఇంజిన్‌లో లువా భాషతో రాసి, పోర్ట్‌మాస్టర్ అనే యాప్ ఉన్న మెషిన్ల మీద నడపవచ్చు. కానీ హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే ఆనందం ఇక్కడ దొరకదు, ఒక చిన్న కంప్యూటర్‌కి రాసినట్టే ఉంటుంది. మీరు సీ నేర్చుకుంటున్నది ఆ ఆనందం కోసమే అయితే ఇవి మీకు ఆనవు.

వీటాని ఎందుకు ముందు పెట్టానంటే ఆడటం, రాయడం అనే రెండు లోకాలూ అందులో కలుస్తాయి. ఎడ్రినలిన్ అనే ప్రోగ్రామ్ వేస్తే పీఎస్‌పీ మొత్తం, దాని పీఎస్1 ఎమ్యులేటర్‌తో సహా, వీటా లోపలే తెరుచుకుంటుంది. అంటే పీఎస్‌పీకి రాసిన ప్రోగ్రామ్‌లు కూడా ఇక్కడే నడుపుకోవచ్చు. డీ-ప్యాడ్ వేలికి సరిగ్గా అందుతుంది, ఈ నాలుగింటిలో నాకు నచ్చింది అదే. వీటాఎస్‌డీకే చక్కగా ఉంది. వీటాషెల్ అనే ఫైల్ మేనేజర్ సెట్టింగ్‌లో సెలెక్ట్ బటన్‌ను ఎఫ్‌టీపీకి (ఫైళ్లు పంపే పద్ధతికి) పెట్టి నొక్కితే అది మొదలవుతుంది, వైఫై మీదే ఫైల్ పంపించేయవచ్చు. మొదటిసారి టచ్ వాడేవారికి ఒక మాట: టచ్ విలువలు 1920x1088 లెక్కలో వస్తాయి, స్క్రీన్ 960x544. సగం చేసి వాడండి, లేకపోతే వేలు పెట్టినది ఒకచోట, చుక్క పడేది మరోచోట.

వీటా కొనేటప్పుడు చూడాల్సినవి. 1000 మోడల్‌కి ఓఎల్ఈడీ స్క్రీన్, రంగులు చూడముచ్చటగా ఉంటాయి, కానీ లోపల స్టోరేజీ లేదు, ఛార్జింగ్ వైరు దాని సొంతది. 2000కి ఎల్‌సీడీ, లోపల 1 జీబీ, మామూలు మైక్రో యూఎస్‌బీ. సోనీ మెమరీ కార్డులు ఖరీదు, అందుకే గేమ్ కార్డు పెట్టే చోట మైక్రో ఎస్‌డీ పట్టే ఎస్‌డీ2వీటా అడాప్టర్ తీసుకోండి. మీరు ప్రోగ్రామ్‌లు రాస్తానంటున్నారు కాబట్టి నా ఓటు 2000కే, వైరు ఎక్కడైనా దొరుకుతుంది. సెట్టింగ్స్‌లో ఫర్మ్‌వేర్ నంబర్ ఎంత ఉన్నా భయపడకండి, చివరిదైన 3.74ని కూడా సొంత ప్రోగ్రామ్‌ల కోసం హ్యాక్ చేసే దారి ఉంది. 3.65కి దించి ఎన్సో అనే శాశ్వత హ్యాక్ వేసుకుంటే ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ హ్యాక్ మళ్ళీ నడపక్కర్లేదు. అమ్మేవారి ముందే కెమెరా తెరిచి చూడండి, రెండు స్టిక్‌లూ నాలుగు వైపులా తిప్పి చూడండి, వదిలాక కర్సర్ దానంతటదే జారుతుందేమో గమనించండి. పది నిమిషాలు ఏదైనా గేమ్ ఆడి ఛార్జ్ ఎంత పడిపోయిందో చూడండి, బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి మార్చాలంటే విప్పాలి. ఇవన్నీ బాగుంటే పైన గీతలు పడ్డా ఫర్వాలేదు, తీసుకోండి. ఫర్మ్‌వేర్ నంబర్, మోడల్ నంబర్ ఇక్కడ రాయండి, మొదటి ప్రోగ్రామ్ స్క్రీన్ మీద కనిపించే వరకు దగ్గరుండి చెబుతాను.