డిగ్రీలో జియాలజీ తీసుకుంటే ఆడపిల్లకు ఉద్యోగం దొరుకుతుందా?

"దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) మా అమ్మాయికి జియాలజీ ఉన్న బీఎస్సీ సీటు వచ్చింది. ఆడపిల్ల రాళ్లు చదివి ఏం చేస్తుంది, కంప్యూటర్స్‌కి మార్పించమంటారా?" అని ఒక తండ్రి అడిగారు. మార్పించకండి సార్. నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియాలజీ చేశాను, పదేళ్లకు పైగా ఈ పని మీదే బతుకుతున్నాను. అందుకే గట్టిగా చెబుతున్నాను.

ముందు ఉద్యోగాల మాట. ఒక్క బీఎస్సీతో ఆగితే కష్టమే, అది దాచను. ఎమ్మెస్సీ దాకా చదివించాలి. ఆ తర్వాత యూపీఎస్సీ వాళ్ల కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకీ, కేంద్ర భూగర్భ జల బోర్డుకీ అందులోంచి తీసుకుంటారు. పైగా మన హైదరాబాద్‌లోనే సర్వే వాళ్ల శిక్షణ సంస్థ బండ్లగూడలో ఉంది, భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్‌లో ఉంది, యురేనియం వెతికే అణు ఖనిజాల డైరెక్టరేట్ బేగంపేటలో ఉంది, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ మాసబ్ ట్యాంక్‌లో ఉంది. ఇవేవీ తెలియక పిల్లల్ని ఇష్టం లేని ఇంజనీరింగ్‌లో పడేసే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక ఈ చదువు ఎందుకు పనికొస్తుందో నాకు అర్థమైన రోజు గురించి చెబుతాను. 2013లో మణుగూరు వైపు ఒక డ్రిల్లింగ్ కంపెనీ క్యాంపులో ఉన్నాను, బొగ్గు అన్వేషణ. నా పని కోర్ లాగింగ్. రిగ్గు భూమిలోంచి తీసే గుండ్రటి రాతి ముక్కల్ని పెట్టెల్లో వరసగా పేర్పించి, ఏ లోతులో ఏ రాయి ఉందో రాయాలి. ఒక రాత్రి గాలివానకి షెడ్డు రేకు ఊడి మూడు పెట్టెల మీద పడింది. కోర్ అంతా బురదపాలు. హెల్పర్ కుర్రాడు భయపడి, నాకు చెప్పకుండా ముక్కలన్నీ ఏరి, కడిగి, తోచినట్టు సర్దేశాడు. వాటి మీద లోతు గుర్తులు ఇంకా వేయలేదు.

పొద్దున రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఇసుకరాయిలో కింద ఉండాల్సిన గరుకు రేణువులు పైనున్నాయి, సన్నవి కిందున్నాయి. నది ముందు పెద్ద రేణువుల్ని వదిలి, వేగం తగ్గాక సన్నవాటిని పరుస్తుంది. గోదావరి లోయ రాళ్లలో ఆ వరస పైకి వెళ్తూ, బురద గట్టిపడి ఏర్పడే షేల్‌గా, ఆపైన బొగ్గుగా మారుతుంది. డిగ్రీలో ఐదు మార్కుల కోసం బట్టీపట్టిన పాఠం! "ఏదో ఒకటి రాసెయ్యమ్మా, ఎవరు చూస్తారు" అన్నాడు క్యాంపు ఇన్‌చార్జ్. నాకు మనసొప్పలేదు. ముక్కలన్నీ గోనెసంచుల మీద పరిచి, పగిలిన కుండ పెంకులు కలిపినట్టు విరిగిన అంచులు కలుపుకుంటూ, భూతద్దంతో రేణువులు చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ కుర్రాడే పక్కన కూర్చుని ముక్కలు అందించాడు. చివర్లో "అక్కా, ఇది తలకిందులుగా ఉంది" అని వాడే ఒకటి పట్టుకున్నాడు. అంతకుముందు ఒకే దళసరి పొరలా కనిపించిన బొగ్గు, సరిగ్గా పేర్చాక మధ్యలో షేల్ ఉన్న రెండు పలచటి పొరలని తేలింది. గని తవ్వితే గిట్టుబాటు అవుతుందా అని లెక్కలు కట్టేవాళ్లకి ఆ తేడా చాలా పెద్దది.

అందుకే నా పట్టుదల అంతా ఫీల్డ్ మీదే. నేను చదివిన డిగ్రీ కాలేజీలో ఫీల్డ్ వర్క్ అంటే ఒకరోజు బస్సులో వెళ్లి ఫొటో దిగి రావడం, సీనియర్ల రికార్డు చూసి ఎక్కించుకోవడం. పిల్లలకి అంతకంటే అన్యాయం లేదు. మీరు చేర్చే ముందు కాలేజీకి వెళ్లి, ఏడాదికి ఎన్ని రోజులు బయటికి తీసుకెళ్తారో అడగండి.

ఆడపిల్ల అన్నారు కదా. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భ గనుల్లో పనికి దిగనివ్వలేదు. నేను గని దాకా వెళ్లి పైనే ఆగిపోయిన రోజులున్నాయి. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ పనులకి పొద్దున 6 నుంచి రాత్రి 7 దాకా దిగవచ్చని అప్పుడు చెప్పింది. మీ అమ్మాయికి ఆ అడ్డు లేదు.

ఇప్పుడే పెద్ద ఖర్చేమీ పెట్టకండి. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనిచ్చి, ఈ ఆదివారం ఖాజాగూడ గుట్టలకి తీసుకెళ్లండి. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ అది. మేం నేర్చుకున్న గుట్టలు చాలావరకు పేల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు, తలుచుకుంటే కడుపు మండుతుంది. అక్కడ ఇంకా కొన్ని మిగిలాయి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, మెరిసే నల్ల అభ్రకం ఒకే రాతిలో కనిపిస్తాయి. అవి చూశాక కంప్యూటర్స్ కావాలో జియాలజీ కావాలో ఆ పిల్లనే అడగండి.