కంప్యూటర్‌లో ర్యామ్ మార్చేటప్పుడు స్టాటిక్ (ఒంట్లో చేరే కరెంటు చార్జ్) వల్ల పార్టులు పాడవకుండా ఏం చేయాలి?

షాక్ తగల్లేదు కాబట్టి పార్టుకి ఏమీ కాలేదనుకోవద్దు. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి, కొన్ని చిప్‌లు మాత్రం 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి, పైగా అప్పటికి బాగానే పనిచేసి కొన్నాళ్లకి మొరాయించేవీ ఉంటాయి.

ముందు ప్లగ్ తీసేయండి. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. మధ్యలో లేచి వెళ్లొస్తే మళ్లీ తాకాలి, ఎందుకంటే కార్పెట్ మీద నాలుగడుగులు వేసినా ఒంట్లో చార్జ్ చేరుతుంది. రిస్ట్ స్ట్రాప్ (మణికట్టుకి కట్టుకునే, వైరూ క్లిప్పూ ఉన్న పట్టీ) ఉంటే ఇంకా మంచిది, దాని క్లిప్ ఆ ఇనుముకే పెట్టండి. పొరపాటున కరెంటు తగిలినా మనల్ని కాపాడేది అందులో కరెంటుని బాగా తగ్గించే 1 మెగా ఓమ్ రెసిస్టరే, కాబట్టి దాని బదులు మామూలు వైరు చుట్టుకోవద్దు, ప్లీజ్. ర్యామ్‌ని అంచులతో పట్టుకోండి, బంగారు రంగు పిన్నులు ముట్టుకోకండి, బిగించేదాకా దాని యాంటీ స్టాటిక్ కవర్‌లోనే ఉంచండి.